ఒకే గుమ్మం ఉన్న ఇల్లు
మూగ తెర – తెలుగు నేల: 5వ భాగం

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అని మనకో సామెత ఉంది. హైదరాబాదులో 1922లో పుట్టి 1924లో మూతబడ్డ లోటస్ ఫిల్మ్ కంపెనీ కథను చెప్పేవాళ్ళు చాలామంది ఆ సామెతతోనే ముగిస్తారు. కలకత్తా నుంచి ధీరేంద్రనాథ్ గంగూలీ అనే చిత్రకారుడు వచ్చాడు, నిజాం అండతో స్టూడియో పెట్టాడు, రెండు సినిమా హాళ్ళు నడిపాడు, రెండేళ్ళలో చిత్రాల మీద చిత్రాలు తీశాడు. చివరికి ‘రజియా బేగం’ అనే చిత్రాన్ని తన హాల్లో ఆడించి నిజాం ఆగ్రహానికి గురయ్యాడు, పెట్టేబేడా సర్దుకొని కలకత్తా వెళ్ళిపోయాడు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఇంతటితో ఆపితే అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. కోపం వచ్చింది ఒక చిత్రం మీద. పోయింది స్టూడియో మొత్తం. ఆ దశాబ్దంలోనే మరికొన్ని చోట్ల ప్రభుత్వాలకు సినిమాల మీద కోపం వచ్చింది, అక్కడి కంపెనీలు దెబ్బ తిన్నాయి, మళ్ళీ లేచి నిలబడ్డాయి. లోటస్ మాత్రం లేవలేదు. ఎందుకు లేవలేదన్నదే ఈ భాగంలో చూడబోయే సంగతి. నా వాదన ఒక్కటే: లోటస్‌కు పెట్టుబడి, అనుమతి, ప్రేక్షకుడు అన్నీ ఒకే గుమ్మం గుండా వచ్చాయి. ఆ గుమ్మం మూసుకోగానే ఇంట్లో దీపం ఆరిపోయింది. ఆ చీకటి గంగూలీ మీదకన్నా మన మీదే, అందులోనూ కరీంనగర్, ఆదిలాబాద్ వంటి జిల్లాల మీదే ఎక్కువ కాలం పరుచుకుంది.

ముందు మనిషిని చూద్దాం. గంగూలీ 1893లో కలకత్తాలో పుట్టాడు. శాంతినికేతనంలో చదివాడు, హైదరాబాదులో నిజాం ఆర్ట్ కాలేజీకి ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాడు. 1915లో ‘భావేర్ అభివ్యక్తి’ అనే ఫొటోల పుస్తకం అచ్చువేశాడు. అందులో ఉన్న వేషాలన్నీ ఆయనవే. ఒకే ఫొటోలో ఆయనే రెండు మూడు పాత్రలుగా కనిపిస్తాడు. మీసం తిప్పే బాబూ ఆయనే, అతని పక్కన ముసుగేసుకున్న ఇల్లాలూ ఆయనే. కెమెరా ముందు మొహం ఎలా పలుకుతుందో, రంగు పూసుకున్న చర్మం మీద వెలుతురు ఎలా పడుతుందో సినిమాలోకి దిగకముందే ఆయన సాధన చేసి ఉన్నాడన్నమాట. తర్వాత కలకత్తాలో నితీశ్ లాహిరి తదితరులతో కలిసి ఇండో బ్రిటిష్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. 1921లో వచ్చిన ‘బిలాత్ ఫేరత్’ ఆ కంపెనీ చిత్రమే. లండన్ వెళ్ళొచ్చి దొరగారి పోకడలు పోయే బెంగాలీ యువకుడి మీద వేళాకోళం అది. పురాణాలే సినిమాలుగా చలామణీ అవుతున్న కాలంలో జనాన్ని సమకాలీన జీవితంతో నవ్వించవచ్చని రుజువు చేసిన చిత్రం. ఆ కంపెనీ ఎక్కువకాలం నిలవలేదు. అప్పుడాయన తనకు తెలిసిన రెండో ఊరికి, హైదరాబాదుకు తిరిగొచ్చాడు. లోటస్ అలా మొదలైంది.

హైదరాబాదును ఎంచుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. 1921 జనగణన ప్రకారం నిజాం రాజ్యంలో కోటీ ఇరవై లక్షలకు పైగా జనం. దాదాపు సగం మంది తెలుగువాళ్ళు, మిగతావారిలో మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్ళు. నాలుగు భాషల రాజ్యంలో నాటకం ఆడాలంటే ఏ భాషలో ఆడాలన్నదే తగవు. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సంఘసంస్కార సభలో ఒక తెలుగు వకీలు తన భాషలో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. అటువంటి రాజ్యంలో నోరు లేని సినిమాకు ఎంత చోటుందో ఆలోచించండి. బొమ్మకు భాష లేదు. మధ్యమధ్య వచ్చే అక్షరాల కార్డులను ఎన్ని భాషల్లోనైనా రాయించవచ్చు, చదువురాని ప్రేక్షకుడికి తెర పక్కన నిలబడ్డ వ్యాఖ్యాత చదివి చెప్పగలడు. మూగ సినిమాకు ఈ దేశంలో దొరకగల మంచి మార్కెట్లలో ఇదొకటి.

పైగా ఆ రకమైన ప్రదర్శన మన ఉత్తర తెలంగాణ పల్లెకు కొత్తది కూడా కాదు. చేర్యాల నకాషీల చేత రాయించిన గుడ్డ పటాన్ని రెండు గుంజల మధ్య వేలాడదీసి, ఒక్కో అర విప్పుతూ, కర్రతో బొమ్మను చూపిస్తూ కథ చెప్పే కళాకారులు సిరిసిల్ల వైపు సాలెవాడల్లో తరతరాలుగా తిరుగుతున్నారు. పద్మశాలీల కోసం కూనపులివారు మార్కండేయ పురాణ పటం వేస్తారు. ఎర్రటి నేపథ్యం మీద ముందు భృగు వంశం, తర్వాత మార్కండేయుడు, చివర యముడి పాశం. బొమ్మ మూగది, పక్కనున్న మనిషి నోరు దానికి గొంతు. తాళం, మద్దెల సరే సరి. రీలు తిరిగే సినిమాకూ పటం విప్పే కథకూ తేడా కదలిక ఒక్కటే. అందుకే మూగ సినిమా మన జనానికి అర్థం కాదేమో, ఆదరణ ఉండదేమో అన్న అనుమానానికి తావులేదు. చూసే కన్ను ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. ఆ కంటి ముందుకు బొమ్మ చేరిందా లేదా అన్నదే ప్రశ్న.

లోటస్ ఏం తీసింది? ‘ఇంద్రజిత్తు’, ‘హరగౌరి’, ‘యయాతి’, ‘చింతామణి’ వంటి పేర్లు ఒక వైపు. ‘లేడీ టీచర్’, ‘మ్యారేజ్ టానిక్’ వంటి పేర్లు మరో వైపు. పేర్లే ఒక వ్యాపార పథకాన్ని చెబుతున్నాయి. మొదటి వరసలోవి పురాణాలు, భక్తి కథలు. ఎవరికీ పరిచయం అక్కర్లేనివి, ఏ భాషవాడైనా గుర్తుపట్టగలిగినవి. చింతామణి కథే తీసుకుంటే బెంగాల్‌లో గిరీశ్ ఘోష్ నాటకంతో, మన దగ్గర కాళ్ళకూరి నారాయణరావు నాటకంతో ఇంటింటా తెలిసినదే. రెండో వరసలోవి గంగూలీ సొంత సరుకు: చదువుకున్న ఆడవాళ్ళు, కొత్తరకం పెళ్ళిళ్ళు, పట్నవాసపు వెటకారం. పురాణంతో ఇల్లు నడుపుకుంటూ హాస్యంతో పేరు తెచ్చుకోవాలన్న లెక్క ఇది. తెలివైన లెక్కే. ఈ చిత్రాలను ఇవాళ చూసి మంచిచెడ్డలు తేల్చే వీలు లేదు. భారతదేశంలో తయారైన 1,300కు పైగా మూగ చిత్రాల్లో మిగిలినవి రెండు మూడు పదులే. నైట్రేట్ ఫిల్ము ఎండకు కుళ్ళింది, మంటకు కాలింది, వెండి కోసం కరిగింది. కాబట్టి ఆ చిత్రాల కళను పక్కనపెట్టి, కంపెనీ నిర్మాణాన్ని చూడాలి. అది మాత్రం చాలా స్పష్టంగానే కనిపిస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. లోటస్ చేతిలో రెండు హాళ్ళున్నాయి. ఒక్కో హాలుకు వారానికో చిత్రం చొప్పున ఏడాదికి 104 వారాల ఆట కావాలి. కంపెనీ తీసినవి ఏడాదికి నాలుగైదు చిత్రాలు. ఒక్కోటి రెండు హాళ్ళలోనూ రెండేసి వారాలు ఆడిందనుకున్నా, మొత్తం ఇరవై వారాలకు మించదు. మిగిలిన ఎనభై నాలుగు వారాలకు బయటి నుంచి సరుకు తెచ్చుకోక తప్పదు. హాలు ఖాళీగా పెడితే దాని ఖర్చు ఆగదు. ప్రొజెక్టర్ నడిపేవాడికి, హార్మోనియం వాయించేవాడికి, గేటు దగ్గర నిలబడేవాడికి జీతాలు ఇవ్వాలి. అందుకే బొంబాయి కంపెనీల చిత్రాలు అద్దెకు తేవాలి. ‘రజియా బేగం’ అలా వచ్చిందే. అది లోటస్ తీసిన చిత్రం కాదు, బొంబాయిలో తయారైన చిత్రం. ఈ సంగతిని ఇంతకాలం ఒక పక్కమాటగా చెప్పుకుంటూ వచ్చాం, కానీ కథకు కీలకం ఇక్కడే ఉంది. స్టూడియోను పడగొట్టింది స్టూడియో చేసిన పని కాదు. హాలు ఆకలి. ఇతరులు తీసిన చిత్రాన్ని ఆడించినందుకు తాను తీసేవాటిని కూడా వదులుకోవలసి వచ్చింది, ఎందుకంటే నిర్మాణమూ ప్రదర్శనా ఒకే మనిషి పేర, ఒకే ప్రభువు దయ మీద ఉన్నాయి. రెండు వేరువేరు చేతుల్లో ఉండి ఉంటే హాలు మూసినా స్టూడియో బతికేది.

మరి సొంత చిత్రాలను రాజ్యం దాటించి బొంబాయికో మద్రాసుకో పంపి ఆడించుకోవచ్చు కదా అని అడగవచ్చు. ఇక్కడ డబ్బు సంగతి చూడాలి. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా, బయట చెల్లేది ఇంగ్లీషు వారి కల్దార్. నూరు కల్దార్ రూపాయలు కావాలంటే సుమారు 116 హాలీ రూపాయలు పోయాలి. సరిహద్దు దాటే సరుకు మీద కరోడ్‌గిరీ వాళ్ళు నూటికి ఐదు చొప్పున సుంకం వసూలు చేసేవాళ్ళు. ముడి ఫిల్ము ఈ దేశంలో తయారయ్యేది కాదు. ఓడలో బొంబాయికి రావాలి, కల్దార్లు పోసి కొనాలి. వెయ్యి అడుగుల రీలు సెకనుకు పదహారు బొమ్మల చొప్పున తిప్పితే పదహారు, పదిహేడు నిమిషాల్లో అయిపోతుంది. గంటన్నర చిత్రానికి అయిదారు రీళ్ళు, తీసి పారేసినవి కాక. ఆ నెగటివ్ నుంచి తీసే ఒక్కో కాపీకి మళ్ళీ అంతే ఫిల్ము. హైదరాబాదులో వసూలైన టికెట్ డబ్బు హాలీ, ఖర్చు కల్దార్. బొంబాయి మార్కెట్‌కు పోవాలంటే అక్కడ పది కంపెనీల పోటీ; మద్రాసు వైపు పోతే మదన్ థియేటర్స్ వంటి పెద్ద గొలుసుల పట్టు. అంతకన్నా దగ్గరి దారి ఒకటుంది: ప్రభువు అండ. అది సుంకాన్నీ మారకాన్నీ మరిపిస్తుంది. ఏ కొత్త వ్యాపారి అయినా ఆ దారే పడతాడు. కానీ దగ్గరి దారి అలవాటైనవాడికి దూరపు దారి వేసుకోవలసిన అవసరం కనిపించదు.

దూరపు దారి అంటే బొంబాయి ఒక్కటే కాదు, సొంత రాజ్యంలోని జిల్లాలు కూడా. ఎలగందుల పేరుతో ఉన్న జిల్లా 1905లో కరీంనగర్ అయింది, ఆ పునర్వ్యవస్థీకరణలోనే ఆదిలాబాద్ పూర్తి జిల్లాగా నిలబడింది. గోదావరికి అటూ ఇటూ ఉన్న ఈ రెండు జిల్లాలు కలిపితే ఒక చిన్న రాజ్యమంత నేల. లోటస్ బతికున్న నాళ్ళలో ఈ నేలను హైదరాబాదుతోనూ ఉత్తరదేశంతోనూ కలిపే రైలు దారి పూర్తి కాలేదు. కాజీపేట–బల్లార్షా లైను పూర్తయింది 1929లో. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, సిర్పూర్ మీదుగా మద్రాసు నుంచి ఢిల్లీకి తిన్నగా బండి నడవడం అప్పటినుంచే. కరీంనగర్ పట్టణానికి రైలు కూత వినిపించడానికి అంతకంటే చాలా దశాబ్దాలు పట్టింది. గుడారపు సినిమా తిరగాలంటే ప్రొజెక్టర్, దీపం, రీళ్ళ పెట్టెలు, గుడారపు గుడ్డ అన్నీ మోయాలి. ఎడ్లబండి మీద వానాకాలంలో మానేరు దాటించి, కడెం దాటించి ఆదిలాబాద్ అడవుల్లోకి తీసుకుపోవడానికి అయ్యే ఖర్చు అణా టికెట్‌తో తిరిగిరాదు. కాబట్టి లోటస్‌కు సహజమైన ప్రేక్షకుడు, పటం కథ చూసి పెరిగిన ప్రేక్షకుడు, చేతికి అందే దూరంలో లేడు. హైదరాబాదు, సికింద్రాబాదు పట్నపు జనమే దిక్కు. ఆ పట్నపు జనం చూసే తెర మీద ప్రభువు నీడ ఎప్పుడూ ఉంటుంది.

ఇక ఆ కోపం సంగతి. రజియా 1236 నుంచి 1240 దాకా ఢిల్లీని ఏలిన సుల్తానా. అబిసీనియా దేశస్థుడైన యాకూత్‌కు ఆమె పెద్ద పదవి ఇవ్వడం ఆనాటి తురుష్క అమీర్లకు కంటగింపైంది. ఆమె తర్వాత ఆల్తూనియాను పెళ్ళాడింది. ప్రేమకథలు తర్వాతి వాళ్ళు అల్లినవి. బొంబాయి చిత్రం ఆమెను ఒక హిందువును ప్రేమించిన రాణిగా చూపిందని, అదే నిజాంకు నచ్చలేదని చెబుతారు. ఇక్కడ మతాసహనమే మొత్తం కారణమని తీర్పు చెప్పేవాళ్ళున్నారు. అది కొంతవరకే నిజం. బెంగాలీ హిందువును పిలిచి ఆర్ట్ కాలేజీ అప్పగించి, ఆయన చేత హరగౌరి, ఇంద్రజిత్తు కథలు తీయనిచ్చిన రాజ్యం కూడా ఇదే. 1924లో ఏం మారిందో చూడాలి. అంతకు ముందు ఏడాది అక్టోబరులో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బేరారు ప్రాంతాన్ని తిరిగి ఇమ్మని వైస్రాయ్ రీడింగ్‌కు ఉత్తరం రాసి, ఇంగ్లీషువారితో తన హక్కుల వాదం మొదలుపెట్టాడు. 1924 మార్చిలో టర్కీ ఖలీఫా పదవిని రద్దు చేసింది. దేశం వదిలిన ఖలీఫాకు నెలవారీ భరణం ఏర్పాటు చేసింది నిజామే. తనను తాను ముస్లిం లోకంలో పెద్దగా నిలబెట్టుకుంటున్న ఆ సంధిలో, తన రాజధానిలో, తన అండ ఉన్న మనిషి హాల్లో, ఒక ముస్లిం రాణి పరువు తెర మీద చర్చకు రావడం ఆయనకు సహించరానిదై ఉంటుంది. అలా చూస్తే అది ఆ క్షణపు చిరాకు మాత్రమే కాదు, రాజకీయం.

రాజకీయమైన కోపాలు బొంబాయి కంపెనీల మీద కూడా పడ్డాయి. 1921లో ద్వారకాదాస్ సంపత్ కోహినూర్ ఫిల్మ్ కంపెనీ ‘భక్త విదుర్’ తీసింది. విదురుడికి గాంధీ పోలికలు వచ్చాయని మద్రాసులోనూ కరాచీలోనూ నిషేధించారు. మరి కోహినూర్ మూతబడిందా? లేదు. 1923లో మంటలు రేగి దాని సరంజామా కాలిపోయినా మూతబడలేదు. 1924లో, అంటే లోటస్ తలుపులు మూసిన ఆ సంవత్సరమే, ‘గుల్-ఎ-బకావళి’తో దేశమంతా పేరు మోగించింది. తేడా ఎక్కడుంది? 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద బ్రిటిష్ ఇండియాలో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో వేర్వేరు సెన్సార్ బోర్డులుండేవి. ఒక చోట కాదన్న చిత్రం మరో చోట ఆడవచ్చు. నిషేధం పడేది చిత్రం మీద. కంపెనీ మీద కాదు. ఆ చట్టం నిజాం రాజ్యంలో వర్తించదు. అక్కడ నిషేధానికీ నిర్మాతకూ మధ్య బోర్డు లేదు, కాగితం లేదు, అప్పీలు లేదు. కోహినూర్‌కు నాలుగు వాకిళ్ళు, ఒకటి మూస్తే మూడున్నాయి. లోటస్‌కు ఒకటే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. సంస్థానాల అండ ఉంటే స్టూడియో బతకదనేటట్టయితే కొల్హాపూర్ సంగతేమిటి? బాబూరావు పెయింటర్ మహారాష్ట్ర ఫిల్మ్ కంపెనీ అక్కడే పుట్టింది, సాహూ మహారాజు ఆదరణ పొందింది, పది పన్నెండేళ్ళు బతికింది. నిజమే. కానీ దాని కాళ్ళు ఎక్కడున్నాయో చూడండి. పెట్టుబడిలో గాయని తానీబాయి కాగల్కర్ డబ్బుంది. తొలి చిత్రం ‘సైరంధ్రి’ 1920 ఫిబ్రవరిలో విడుదలైంది పూనాలోని ఆర్యన్ సినిమా హాల్లో; రాజుగారి ఊళ్ళో కాదు. వసూళ్ళు పూనా, బొంబాయి మరాఠీ ప్రేక్షకుల నుంచి. మహారాజు 1922లో కాలం చేసినా కంపెనీ ఆగలేదు. 1929లో శాంతారామ్, దామ్లే, ఫత్తేలాల్ బయటికొచ్చి ఆ ఊళ్ళోనే ప్రభాత్ పెట్టగలిగారు. అంటే విషం రాజాదరణలో లేదు, రాజాదరణ తప్ప మరో ఆధారం లేకపోవడంలో ఉంది. కొల్హాపూర్ అభ్యంతరం నా వాదనను పడగొట్టకపోగా దానికి గుంజలా నిలబడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా సూటిది. గంగూలీ పెట్టిన కంపెనీలన్నీ అంతే కదా? ఇండో బ్రిటిష్ పోయింది, లోటస్ పోయింది, 1929లో ప్రమథేశ్ బారువా వంటివారితో కలిసి పెట్టిన బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ కూడా మాటల సినిమా రాకతో కుంగిపోయింది. మనిషికే వ్యాపారం చేతకాదేమో! చేతకాలేదనే అనుకుందాం. అయినా ఒక తేడా మిగులుతుంది. బ్రిటిష్ డొమినియన్ పోయినప్పుడు అందులో పనిచేసిన బారువా, దేవకీ బోస్ న్యూ థియేటర్స్‌కు చేరి ఆ సంస్థకే కీర్తి తెచ్చారు. గంగూలీ కూడా అక్కడికే వెళ్ళి చిత్రాలు తీశాడు. కలకత్తాలో కంపెనీ చచ్చింది, వృత్తి బతికింది. గత భాగంలో చెప్పుకున్న మద్రాసులోనూ ఇదే జరిగింది. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ నడిపిన స్టార్ ఆఫ్ ది ఈస్ట్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) తీసి కొద్ది ఏళ్ళకే అప్పుల్లో మునిగింది. కానీ ప్రకాశ్ తర్వాత కూడా చిత్రాలు తీస్తూనే ఉన్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న సి. పుల్లయ్య కాకినాడ వెళ్ళి సొంతంగా ‘మార్కండేయ’ తీశాడు. కూనపులివారు మన సాలెవాడల్లో పటం మీద చూపే ఆ కథనే, కోస్తా కుర్రవాడొకడు రీలు మీదికి ఎక్కించాడు. ఆ కథకు తరతరాల ప్రేక్షకులున్న కరీంనగర్ నుంచి ఆ పని చేయగల మనిషి రాలేదు. రావడానికి పని నేర్పే చోటు లేదు.

కంపెనీ చావుకూ వృత్తి చావుకూ ఉన్న ఈ తేడాయే లోటస్ కథలో అసలు నష్టం. సినిమా పని పుస్తకం చదివి వచ్చేది కాదు. మర తిప్పే చేతికి వేగం కుదరాలి, చీకటి గదిలో రసాయనం వేడి వేలికి తెలియాలి, ఆనాటి ఫిల్ములో ఎరుపు నల్లగా పడుతుంది కాబట్టి బుగ్గకు ఏ రంగు పూయాలో కంటికి తెలియాలి. పది మంది కుర్రవాళ్ళు అయిదేళ్ళు ఒక చోట పనిచేస్తే ఆ విద్య ఊళ్ళో నిలుస్తుంది. యజమాని పోయినా వాళ్ళు మరొకరి దగ్గర చేరతారు. హైదరాబాదులో అలా చేరడానికి రెండో స్టూడియో లేదు, రెండేళ్ళు విద్య పండడానికి చాలవు. తర్వాత చెదురుమదురు ప్రయత్నాలు జరిగినా, హైదరాబాదులో నిలకడగా స్టూడియో అన్నది 1950ల రెండో సగంలో అమీర్‌పేట సారథి స్టూడియోతోనే సాధ్యమైంది. మధ్యలో ముప్ఫై ఏళ్ళు పైగా గడిచాయి. ఆ ముప్ఫై ఏళ్ళలోనే తెలుగు సినిమా మాటలు నేర్చింది, మద్రాసులో కాపురం పెట్టింది, కోస్తా యాసనూ కోస్తా కథలనూ తనవి చేసుకుంది. తెలంగాణ మాట తెర మీద అంతకాలం నౌకరు నోటనో విలన్ నోటనో తప్ప వినపడకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక కారణం 1924లో మూసిన ఆ తలుపు.

దీనికి సాక్షిగా ఒక మనిషిని చూపించవచ్చు. పైడి జైరాజ్ 1909 సెప్టెంబర్ 28న కరీంనగర్‌లో పుట్టాడు. లోటస్ మూతబడేనాటికి ఆయనకు పదిహేనేళ్ళు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివాడు. సినిమా మీద మనసు పడ్డప్పుడు ఆ ఊళ్ళో తట్టడానికి తలుపు లేదు. 1929 ప్రాంతంలో బొంబాయి చేరి ‘జగ్‌మగ్‌తీ జవానీ’తో మూగ తెర మీదికొచ్చాడు, ‘రసీలీ రాణి’తో నిలదొక్కుకున్నాడు, 1932లో ‘షికారీ’తో మాటల చిత్రాలకు మారాడు. మాటల సినిమా రాగానే చాలామంది మూగ తారలు భాష రాక రాలిపోతే, నిజాం రాజ్యపు ఉర్దూ ఆయనను కాపాడింది. అమర్‌సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్, చంద్రశేఖర్ ఆజాద్ పాత్రలకు ప్రాణం పోశాడు. ఎక్కడెక్కడి వీరులకో కరీంనగర్ మొహం ఒకటి దొరికింది. కరీంనగర్ వీరులకు తెర మీద ఏ మొహమూ దొరకలేదు. సినిమా రాజధాని బొంబాయి కాబట్టి లోటస్ ఉన్నా ఆయన వెళ్ళేవాడే అని వాదించవచ్చు. వెళ్ళేవాడేమో. నా మాట జైరాజ్ గురించి కాదు, ఆయన వెనక ఉండి బొంబాయి రైలు ఎక్కలేనివాళ్ళ గురించి. నటుడు ఒక్కడు వెళ్ళగలడు. వడ్రంగి, దర్జీ, రంగులు పూసేవాడు, పటం రాసే నకాషీ ఊరు వదలరు. వాళ్ళకు పని ఊళ్ళోనే దొరకాలి. స్టూడియో అంటే వాళ్ళు.

గంగూలీకి 1974లో పద్మభూషణ్, 1975 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చాయి. జైరాజ్‌కు 1980 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం వచ్చింది. ఒకరు హైదరాబాదు విడిచి వెళ్ళవలసి వచ్చినవారు, ఒకరు హైదరాబాదులో చోటు లేక వెళ్ళినవారు. దేశం ఇద్దరినీ గుర్తించింది. లోటస్ మీద తీర్పు చెప్పమంటే నేను నిజాంను నిర్దోషి అనను; ప్రభువు చిత్తమే చట్టమైన చోట వ్యాపారం ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆయన చూపించాడు. అయితే నేరమంతా ఆ ఒక్క రోజు కోపం మీద మోపితే పాఠం చేజారుతుంది. పెట్టుబడికి ఒక చేయి, ప్రదర్శనకు మరో చేయి, ప్రేక్షకుడికి నాలుగు దిక్కులు ఉంటే ఏ కళా వ్యాపారమైనా ఒక కోపాన్ని తట్టుకుంటుంది. అన్నీ ఒకే గడప దగ్గర చేయి చాచి తెచ్చుకున్నవైతే తట్టుకోదు. ఈ మాట 1924కే పరిమితం కాదని వేరే చెప్పనక్కరలేదు.

వచ్చే భాగంలో కాజీపేట–బల్లార్షా లైను వెంట గుడారపు సినిమాలు మంచిర్యాల, సిర్పూర్ దాకా ఎలా సాగాయో చూద్దాం. ఈలోగా కరీంనగర్, ఆదిలాబాద్ పాఠకులకు ఒక విన్నపం. మీ తాతల పాత ట్రంకు పెట్టెల్లో ఉర్దూలోనో తెలుగులోనో అచ్చైన సినిమా కరపత్రాలు, హాలీ అణాల్లో ధర రాసిన టికెట్ ముక్కలు, గుడారపు సినిమా ముందు దిగిన ఫొటోలు ఉంటే పారేయకండి. రీళ్ళు పోయాయి. ఆ కాలానికి ఇక మిగిలింది కాగితమే.